వజ్ర మండలంలో తూము

ఆ ఏడు మా చెరువు తూము వజ్ర మండలంలోకి పోయింది.

తూము కదల్లేదు. ముత్తాతల నాటి రాతి తూము, కట్టను కరుచుకుని ఉన్నచోటే ఉంది. దాని ముందు తెల్లగుడ్డ డేరా వేసి, నేల మీద ఎర్ర తివాచీ పరిచి, 'వజ్ర మండలం, వజ్ర పాసు గల అతిథులకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. నేను బొమ్మసానిపల్లె నీరుగంటిని. పేరు గంగులప్ప. చెరువు నీళ్లు ఏ మడికి ఏ రోజు పారాలో చూసి, తూము తెరవడం, మూయడం నా పని. నా దగ్గర వజ్ర పాసు లేదు.

మా చెరువుకు రెండు కట్టుబాట్లున్నాయి. నీళ్లు తక్కువైన ఏడు తడి చివరి మడి నుంచి మొదలవుతుంది. పైమడి వాళ్లు ముందు తాగితే కిందికి చుక్క దిగదు కాబట్టి ఎవరో పెద్దవాళ్లు ఆలోచించి పెట్టారు. రెండోది, తూము తెరిచేముందు నీరుగంటి కట్ట మీద నిలబడి మూడు కేకలు వేయాలి. కాలువలో మనుషులుంటే లేచిపోతారు, గొడ్లుంటే తోలుకుపోతారు. నలభై ఏళ్లుగా నా కేక మైలు దూరంలోని చివరి మడి దాకా వినబడుతోంది. ఇంట్లో మాత్రం నేను పెద్దగా మాట్లాడను.

చివరి మడి సుంకమ్మది. అరెకరం. వరి పాలు పోసుకునే అదనులో ఉంది. ఆ శనివారం పొద్దు గూకేలోగా దానికి తడి అందాలి. తప్పితే మళ్లీ వంతు ఎనిమిది రోజులకు. అప్పటికి అక్కడ గింజ ఉండదు, తాలు ఉంటుంది.

సరిగ్గా ఆ శనివారమే భార లోహ సంగీత మహోత్సవం పెట్టారు.

హెవీ మెటల్ అని కుర్రకారు అనే దాన్ని ఉత్సాహ శాఖ వాళ్లు అలా తెలుగు చేశారు. ఆ శాఖ అదనపు సంచాలకులు కోదండపాణి గారు నెల ముందే ఊళ్లోకి వచ్చి సభ పెట్టి చెప్పారు.

"ఇది ప్రపంచ స్థాయి కళారూపం. ఇందులో గిటార్లు అరుస్తాయి. గాయకులూ అరుస్తారు. ప్రేక్షకులు తలలు విదిలించి శిరోజాలను ఊపవలసి ఉంటుంది."

"శిరోజాలు ల్యానోళ్లు సార్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"వారికి సడలింపు ఉంది."

తర్వాత అసలు సంగతి చెప్పారు. ఇంతవరకు ఏ ఉత్సవానికి వెళ్లినా కొందరు ముందు కూర్చుంటారు, ఎక్కువమంది వెనక నిలబడతారు. ఇది అన్యాయమని ప్రభుత్వం గుర్తించింది. అందువల్ల ఈ ఏడాది సామాన్య ప్రేక్షకుల సంఖ్యను సున్నాకు దించాలని శాఖ లక్ష్యం పెట్టుకుంది. పాసులన్నీ వీఐపీ పాసులే. అడుగున ప్రారంభ వీఐపీ, ఆ పైన రజతం, స్వర్ణం, ప్లాటినం, నవరత్నం, అన్నిటికీ పైన వజ్రం. పై పాసు వాళ్లకు గాయకుడి చెమట తుడిచిన తువాలు కూడా ఇస్తారట.

కోదండపాణి గారు ఉత్సవం కోసం చెరువు కింది బీడు కొలిపిస్తున్నప్పుడు నేను వెళ్లి చెప్పాను. "సార్, మీరు సోఫాలేస్తాండేది కాలవలో. శనివారం నీళ్లు ఇడస్తాను."

"మీ విన్నపం మా దృష్టికి వచ్చింది" అన్నారు.

రెండోసారి చెబితే, "దృష్టిలోనే ఉంది" అన్నారు. మూడోసారి చెబితే, "దృష్టిలో ఉన్నదాన్ని పదేపదే తెస్తే దృష్టి అలసిపోతుంది గంగులప్పా" అన్నారు. నేను మళ్లీ చెప్పలేదు. మోకాటి లోతు కాలువ కదా, దానిలో వరసగా సోఫాలు దించి, 'పల్లపు విశ్రాంతి మందిరం' అని పేరు పెట్టారు. వజ్రం వాళ్లకే అది. తూముకు బంతిపూల దండ వేసి, పక్కన 'ప్రాచీన శిలా కళాఖండం, తాకరాదు' అని రాశారు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి పార భుజాన వేసుకుని, తూము బిరడా ఎత్తే కర్ర చేత పట్టుకుని బయలుదేరాను. వీఐపీ గేటు దగ్గర వరస మైలు పొడవుంది. నాలుగు వేలమంది. అందరూ నల్ల చొక్కాలు, మెడలో మెరిసే పాసులు, నెత్తిన ఎండ. పక్కనే జనరల్ గేటు ఉంది. దాని ముందు ఒక్కరూ లేరు. గేటు పక్క చలివేంద్రం కుండ కూడా ఉంది. ఖాళీ గేటుండగా వరసలో నిలబడటం దేనికని అటు దూరాను.

ఒక కాలు లోపల పెట్టానో లేదో విజిల్ మోగింది.

"సార్! ఒగరొచ్చినాడు! సార్! జనం వొచ్చినాది!" అని కానిస్టేబుల్ అరిచాడు.

కోదండపాణి గారు పరుగున వచ్చారు. వెనకాల కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ, చంకలో పెద్ద పుస్తకం. ఆవిడ అనుమతుల తనిఖీ అధికారిణి భ్రమరాంబ గారు. కోదండపాణి గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

"పరిశీలించండి మేడమ్. సామాన్యుడు."

భ్రమరాంబ గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "పాసు ఉందా?"

"లేదమ్మా."

"ఎవరైనా ప్రముఖులతో బంధుత్వం?"

"సుంకమ్మ మామా అంటాది. పిలుపుకే."

"వృత్తి?"

"నీళ్లు వొదలడం."

ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు. విషయం అప్పుడు నాకు తెలిసింది. పద్నాలుగో నిబంధన ప్రకారం, బహిరంగ వినోదమంటే సామాన్య ప్రజ హాజరైన వినోదం. ప్రజ సున్నా అయితే అది బహిరంగం కాదు, అనుమతి చెల్లదు, నాలుగింటికల్లా ఆపేయాలి. పైగా ప్రతి పాసు వెనకా 'సామాన్యులకు లభించని సౌకర్యాలు' అని అచ్చు వేశారు. సామాన్యుడే లేకపోతే ఎవరికి లభించనట్టు? పొద్దుటి నుంచీ సామాన్యుడి కోసం జీపు వేసుకుని మూడు ఊళ్లు తిరిగారట. ఊళ్లలో అందరికీ స్థానిక కోటా కింద ప్రారంభ వీఐపీ పాసులు ముందే పంచేశారు. సుంకమ్మ తనకిచ్చిన పాసును ఇల్లు తుడిచే చేటలో పడేసిందట, ఆ సంగతి వీళ్లకు తెలియదు. పాసులు పంచిన రోజు నేను కట్ట మీద ఉన్నాను, నాకు అందలేదు.

"లక్ష్యాన్ని నూటికి నూరు శాతం సాధించడంలో ఈ చిన్న ఇబ్బంది ఎదురైంది" అని కోదండపాణి గారు చెమట తుడుచుకున్నారు. "మీరు దైవంలా వచ్చారు."

"నేను తూము కాడికి పోవాల సార్. సుంకమ్మ వంతు."

"పోకూడదు!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

నన్ను జనరల్ ఆవరణలో నిలబెట్టారు. ఎకరం నేల, నాలుగు మూలలా నాలుగు గుంజలు, చుట్టూ తాడు. మెడలో 'ప్రజ' అని రాసిన అట్టముక్క. తాడు చుట్టూ ఎనిమిది మంది కానిస్టేబుళ్లు. నేను తాడు దాటితే ప్రజ సున్నా.

ఎండ బాగా ఉంది. ఒక కానిస్టేబుల్ గొడుగు తెచ్చాడు. భ్రమరాంబ గారు ఆపారు.

"నీడ కల్పిస్తే సౌకర్యం. సౌకర్యం కల్పిస్తే రజత శ్రేణి. అప్పుడు ఈయన ప్రజ కాజాలరు."

"వడదెబ్బ తగిలి పడిపోతే మేడమ్?" అన్నాడు కానిస్టేబుల్.

ఆవిడ పుస్తకం తిరగేశారు. "పడిపోయినా ఆవరణలోనే పడితే ఫరవాలేదు."

కోదండపాణి గారు ఆ మాట మీద కొంచెం ఆలోచించి డాక్టరును పిలిపించారు. పావుగంటకోసారి ఆ డాక్టరు నా నాడి చూసి మైకులో చెప్పేవారు, "ప్రజ ఆరోగ్యంగా ఉంది." అతిథులు చప్పట్లు కొట్టేవాళ్లు. కుర్చీ ఇవ్వలేదు, స్వర్ణం అవుతుందని. ఆకులో చిత్రాన్నం, కుండలో నీళ్లు ఇచ్చారు. చిత్రాన్నం బాగుంది. వేరుశనక్కాయలు వేశారు.

నాలుగున్నరకు కచేరీ మొదలైంది.

మొదట నూనె లేని డీజిలింజను ఎక్కడో పట్టేసినట్టు వినబడింది. తర్వాత కంకర మిల్లు. ఆ రెండిటి మధ్యలోంచి పొడుగు జుట్టు మనిషి ఒకడు, కళ్ల చుట్టూ నల్లరంగు పూసుకున్నవాడు, కడుపులోంచి తీసి అరిచాడు. నాకు నచ్చలేదని చెప్పలేను. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో వాడికి తెలుసు. అది అందరికీ రాదు.

నా ఒక్కడికే చిత్రాన్నం పెట్టిన సంగతి ఈలోగా పాకింది. రజతం వాళ్లు ముందు వచ్చారు. తాడు అవతల నిలబడి వాసన చూశారు. తర్వాత నవరత్నం పాసు వేసుకున్న ఒక లావుపాటాయన వచ్చాడు.

"ఏమండీ కోదండపాణి గారూ, మాకు ఏసీ డేరా ఇచ్చారు, అందులో గాలి లేదు. ఈయనకు చూడండి, ఎంత గాలో! పైగా ఒక్కడికి ఎకరం! మాకు ఒక సోఫాలో నలుగురు! ఇదేం వీఐపీ?"

"మేము కూడా ఇక్కడ నిలబడతాం" అని వెనకనుంచి ఒకామె అంది.

కోదండపాణి గారికి ఉత్సాహం తిరిగి వచ్చింది. అక్కడికక్కడే ప్రకటించారు. "మాన్య అతిథులారా! 'సామాన్య సాన్నిధ్యం' అనే విశిష్ట ప్యాకేజీని ఇప్పుడే ప్రారంభిస్తున్నాం. తాడు బయట, ప్రజకు మూరెడు దూరంలో, పది నిమిషాలు!"

నాలుగు వేలమంది లేచి వచ్చారు. తోపులాట మొదలైంది. "వరస మీరే తేల్చండి గంగులప్పా, వంతులు మీకు అలవాటే కదా" అన్నారు కోదండపాణి గారు.

"ఈ ఏడు నీళ్లు తక్కువ సార్. కడపటోళ్లే ముందు" అన్నాను. అలవాటు మీద అనేశాను.

వరసలో అందరికంటే వెనక ఉన్నామెను ముందుకు పిలిచారు. అది చూసి ముందున్నవాళ్లంతా వెనక్కి పరుగెత్తారు. వాళ్లు వెనక్కి పోయేసరికి మధ్యలో వాళ్లు ముందువాళ్లయ్యారు. వాళ్లూ పరుగెత్తారు. వరస వెనక్కి నడవడం మొదలెట్టింది. చూస్తుండగానే దాని తోక బీడు దాటి, జొన్నచేను దాటి, తారురోడ్డు ఎక్కింది. నా దగ్గర ఒక్కరూ మిగల్లేదు. రోడ్డు మీద బస్సు దిగినవాళ్లు ఇద్దరు, సంగతేమిటో తెలియకుండానే వరసలో అందరికంటే వెనక నిలబడినందుకు పిలిపించబడి, నా పక్కన పది నిమిషాలు నిలబడి వెళ్లారు. వాళ్లకు నేను తెలుసు. "ఏం గంగులప్పన్నా, ఏమన్నా జేసినావా?" అని ఒకాయన మెల్లగా అడిగాడు, కానిస్టేబుళ్లను చూసి.

వేదిక మీద పాట ఆగింది. గాయకుడు దిగి ఇంత దూరం నడిచి వచ్చాడు. దగ్గరనుంచి చూస్తే పాతికేళ్లవాడు. వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని ఉన్నాడు.

"పెద్దాయనా, నా పేరు గిరిధర్. బెంగుళూరు. మా అవ్వది హిందూపురం" అన్నాడు. అరిచేవాడి గొంతు మామూలుగా ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు. "గంట నుంచి చూస్తాన్నా. నాలుగు వేలమంది నాకు వీపు చూపించినారు. మీరొక్కరే రెప్ప వాల్చకుండా నా దిక్కే చూస్తాన్నారు. మీకు నచ్చిందా మా పాట?"

"బాగుండాది నాయనా. నేను సూస్తాండేది నిన్ను కాదు. నీ యెనకాల తూము ఉండాది."

వాడు వెనక్కి తిరిగి చూశాడు. వజ్ర మండలం, పూలదండ, పల్లంలో సోఫాలు.

"దానికేమైంది?"

చెప్పాను. సుంకమ్మ వంతు, పాలు పోసుకునే వరి, పొద్దు. వాడు మొత్తం విన్నాడు. ఆ రోజు మొత్తం మీద విన్నది వాడొక్కడే.

పొద్దు రెండు బారలుంది. అప్పుడు తాడు అవతలనుంచి సుంకమ్మ గొంతు వినబడింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది, అంటే కోపం మీద ఉంది.

"మామా! ఆడేం జేస్తాండావు, దిష్టిబొమ్మ మాదిర నిలబడి? కాలవ ఎండి పెటపెటమంటాంది. నా కయ్య నోరు తెరిచిండాది!"

"నన్ను జనం జేసినారు సుంకమ్మా. ఈ తాడు దాటకూడదంట."

"నువ్వొక్కడివి జనమైతే, మేమంతా ఏంది?"

సుంకమ్మ భ్రమరాంబ గారి వైపు తిరిగింది. "అమ్మా, నీకు జనం గావాల, అంతే గదా? నేను నిలబడతా. ఆయప్పను పంపీ."

"ప్రజల నమోదు నాలుగింటికే ముగిసింది" అన్నారు భ్రమరాంబ గారు. "ఆ తర్వాత వచ్చినవారు తదుపరి ఉత్సవానికి ప్రజలు."

"ఆ ఉత్సవానికి నా గింజ బతికుంటాదా?"

"వరి విషయం వ్యవసాయ శాఖ పరిధి అమ్మా. మీరు అర్జీ ఇస్తే..."

సుంకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నేను తాడు వంక చూశాను. గుంజల వంక చూశాను. గట్టి నేలలో జానెడు లోతు కూడా దిగలేదు, ఎవడో తొందరలో పాతాడు.

"అమ్మా, ఒక్క మాట" అన్నాను భ్రమరాంబ గారితో. "నేను ఈ తాడు దాటకూడదు. అంతేనా?"

"అంతే."

"తాడు యాడుండాలో రాసిండారా?"

ఆవిడ పుస్తకం తీశారు. పద్నాలుగో నిబంధన చదివారు. పదిహేను చదివారు. అనుబంధాలు చదివారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివారు. "ఆవరణ ఉండవలెనని ఉంది" అన్నారు నెమ్మదిగా. "ఆవరణ కదలరాదని ఎక్కడా లేదు."

కోదండపాణి గారు మొహం చిట్లించి ఏదో అనబోయారు. ఈలోగా గిరిధర్ ఒక గుంజ పెరికేశాడు.

మిగతా మూడు గుంజలను కానిస్టేబుళ్లు పెరికారు. ఎకరం ఆవరణ ముడుచుకుని ఎద్దులబండంత అయింది. నలుగురు గుంజలు పట్టుకున్నారు, నలుగురు తాడు బిగించి పట్టుకున్నారు, మధ్యలో పార భుజాన వేసుకుని నేను. నడిచాం. ముందు కోదండపాణి గారు, వెనక పుస్తకంతో భ్రమరాంబ గారు, నేను తాడుకు ఎంత దూరంలో ఉన్నానో చూసుకుంటూ. సుంకమ్మ బయటనుంచి తాడు పట్టుకుని నడిచింది, ఆమెను ఎవరూ ఆపలేదు.

మైకులో చెప్పారు, "మాన్య అతిథులారా, ప్రజ గారు విచ్చేస్తున్నారు. దయచేసి దారి ఇవ్వండి!"

రోడ్డు మీది వరసంతా వెనక్కి తిరిగి ఉరికి వచ్చింది. ప్రారంభ వీఐపీలు దారి ఇచ్చారు. రజతం వాళ్లు కెమెరాలు ఎత్తారు. స్వర్ణం వాళ్లలో ఒకాయన నా పారను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ప్లాటినం, నవరత్నం దాటాం. వజ్ర మండలం గుమ్మం దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాసు?"

"ఈయన ఇంకా జనరల్ లోనే ఉన్నారు. తాడు చూడు" అన్నారు కోదండపాణి గారు, నవ్వకుండా.

కాపలావాడు తాడు చూసి పక్కకు తప్పుకున్నాడు.

తాడుతో సహా కట్ట ఎక్కాను. కింద కాలువలో వజ్రం వాళ్లు సోఫాల్లో ఒరిగి కూర్చుని ఉన్నారు. కాళ్లు చాపుకుని, చేతుల్లో గ్లాసులు.

"సార్, వాళ్లను లేపండి. నీళ్లు ఇడస్తాన్నా."

"వారు సంపూర్ణ అనుభవానికి చెల్లించారు గంగులప్పా. మధ్యలో లేపే అధికారం నాకు లేదు."

సరే, నా పద్ధతి నాకుంది. ఊపిరి పట్టి మొదటి కేక వేశాను.

"కాలవ ఇడవండహో! నీళ్లు ఇడస్తాండా!"

గిరిధర్ ఎప్పుడు తెచ్చాడో, నోటి ముందు మైకు పెట్టాడు. కేక కట్టకు కొట్టుకుని, చెరువు మీద పారి, కొండకు తగిలి వెనక్కి వచ్చింది. తర్వాత నాలుగు వేల గొంతులు లేచాయి.

"కాలవ ఇడవండహో! నీళ్లు ఇడస్తాండా!"

చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి, జుట్టు విదిలిస్తున్నారు. జుట్టు లేనివాళ్లు సడలింపు తీసుకోకుండా తలలు విదిలిస్తున్నారు. డ్రమ్ములు అందుకున్నాయి. రెండో కేక వేశాను. గట్టిగా వేశాను, వాళ్లు లేవాలని. వాళ్లు ఇంకా గట్టిగా తిప్పి వేశారు. నలభై ఏళ్లలో నా కేక విని కాలువలోంచి లేవని ప్రాణి లేదు. బర్రెలు లేస్తాయి. ఎండ్రకాయలు లేస్తాయి. మూడో కేకకు వజ్రం వాళ్లు సోఫాల మీద నిలబడి ఎగిరారు, కాలువలోనే.

మూడు కేకలూ అయిపోయాయి. పూలదండ తీసి పక్కన పెట్టి, బిరడాను కర్ర పెట్టి లేపాను.

నీళ్లు ముందు గురగురమన్నాయి. తర్వాత ఒక్క తోపున వచ్చాయి. తివాచీ లేచి అల మాదిరి ముడతపడింది. సోఫాలు ఒకటొకటిగా కదిలాయి. వజ్రం వాళ్లు మోకాటి నీళ్లలో కేరింతలు కొడుతూ, "వాహ్! ఏం ప్లానింగ్ అండీ!" అని కోదండపాణి గారికి చేతులూపారు. ఆయన మొహం తెల్లబడి ఉంది. అయినా మైకు అందుకున్నారు. శాఖలో ముప్పై ఏళ్ల అనుభవం.

"జల ప్రత్యక్షానుభవం! మీ ప్యాకేజీలో అదనంగా!"

"మాకెందుకు రాలేదు?" అని నవరత్నం వాళ్లు అరిచారు. అరిచేలోగా వచ్చింది. ప్లాటినానికి వచ్చింది. స్వర్ణానికి, రజతానికి, ప్రారంభానికి వచ్చింది. ఎవరి దగ్గరా ఆగకుండా అందరి కాళ్లూ కడుగుతూ, చెప్పులు, గ్లాసులు, దిండ్లు, మెడల్లోంచి ఊడిన పాసులు మోసుకుంటూ కిందికి పోయింది. గిరిధర్ ఆ నీళ్లలో దిగి పాడుతున్నాడు. లావుపాటాయన మూడు సీట్ల సోఫా మీద పడుకుని, పొలాల వైపు హాయిగా వెళ్లిపోయాడు. సుంకమ్మ గట్టు వెంట నీళ్లకంటే ముందు పరుగెత్తింది, తన మడి గండి తెరవడానికి.

పొద్దు గూకే వేళకు చివరి మడి నిండింది. ఉత్సవం నూటికి నూరు శాతం విజయవంతమని కోదండపాణి గారు ప్రకటించారు. భ్రమరాంబ గారు పుస్తకంలో, 'ప్రజ ఆద్యంతం ఆవరణలోనే ఉంది' అని రాసి సంతకం పెట్టారు. నా మెడలోని అట్టముక్క వెనక్కి తీసుకుని రసీదు ఇచ్చారు.

నెల తిరక్కముందే నాకు బంగారు అంచు ఉన్న ఉత్తరం వచ్చింది. సుంకమ్మ మడి గట్టు మీద కూర్చుని చదివాను.

'వచ్చే ఏటి మహోత్సవానికి మాన్య అతిథులందరూ సామాన్య ప్యాకేజీనే ఎంచుకున్నారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. అయితే వీఐపీ ఒక్కరూ లేనందున సామాన్యత నిరూపణ కావడం లేదు. కావున తమరు ఏకైక వీఐపీగా విచ్చేసి, సోఫాలో ఆసీనులై...'

"పోతావా మామా?" అంది సుంకమ్మ. మడిలో దిగి ఉంది. ఒక గింజ గోటితో నొక్కి చూసింది, గట్టిగా ఉంది.

"సోఫా యాడ ఏస్తారో రాయలా."

నీళ్లతో కొట్టుకొచ్చి ఆమె మడిలో తేలిన పాసులు మూడు వందలకు పైనే ఉన్నాయి. వజ్రాలు, నవరత్నాలు, స్వర్ణాలు, అన్నీ కలిసి. వరి వెన్ను వంగే వేళకు చిలకలు దిగుతాయి కదా, అవి బెదరాలని ఆ పాసులను కట్టెలకు వేలాడదీసి మడి చుట్టూ పాతింది. గాలికి తిరుగుతూ కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి.

"ఆ కాగితం ఇట్లియ్యి. అంచు బాగుండాది" అంది.

ఇచ్చాను. నడిమి కట్టెకు, వజ్రం పక్కన కట్టింది. మేమిద్దరం పొద్దు గూకేదాకా గట్టు మీదే కూర్చున్నాం. చిలకలు గుంపుగా వచ్చి, పైన ఒక చుట్టు తిరిగి చూసి, పక్క ఊరికి వెళ్లిపోయాయి.